నువ్వు కూడా కబురు పంపు

చి. సౌ. బుజ్జమ్మకు,

నిన్న ఫోనులో నువ్వన్న మాట రాత్రంతా నన్ను వదల్లేదు. "చిన్నోడి బళ్ళో పేరెంట్-టీచర్ కాన్ఫరెన్సు, టీచరుతో ఉండేది పదిహేను నిమిషాలట. నేను వెళ్ళి ఏం మాట్లాడను పెద్దమ్మా, ఆయన్నే పంపేస్తాను" అన్నావు. అప్పుడే జవాబు చెప్పొచ్చు కానీ, ఫోనులో చెప్పింది పొయ్యి మీద కూర మాడేలోపు మరిచిపోతాం. అందుకని ఉత్తరం రాస్తున్నాను. నింపాదిగా చదువుకో.

మావాణ్ణి, అదే మీ అన్నయ్యను, ఇక్కడ న్యూజెర్సీలో కిండర్‌గార్టెన్‌లో వేసింది 2003 సెప్టెంబరులో. మేం వచ్చి అప్పటికి ఏడాది. మీ పెదనాన్న పొద్దున్నే రైలెక్కితే మళ్ళీ చీకటి పడ్డాకే ఇంటికి. బడి ఫోల్డరులో వచ్చిన కాగితాలన్నీ ఆయన వచ్చేదాకా బల్ల మీద పెట్టి ఉంచేదాన్ని. ఆయన చూసి, సంతకాలు చేసి, తిరిగి సంచిలో పెట్టేవారు. సెప్టెంబరులో బ్యాక్ టు స్కూల్ నైట్ అని తల్లిదండ్రులను పిలిస్తే నేను వెళ్ళలేదు. నవంబరు కాన్ఫరెన్సుకు మాత్రం ఇద్దరం వెళ్ళాం. టీచరమ్మ చాలా నెమ్మదైన మనిషి. కాసేపు అవీ ఇవీ మాట్లాడి, పిల్లవాడికి చెవుల పరీక్ష చేయిస్తే మంచిదేమో అంది. పేరు పెట్టి పిలిస్తే పలకడం లేదట. దగ్గరికెళ్ళి భుజం తడితే తప్ప తలెత్తడట. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఏమని పిలుస్తున్నారని మీ పెదనాన్న అడిగారు. "వెంకట" అంది ఆవిడ.

తాతగారి పేరు కలవాలని ముందు వెంకట పెట్టుకున్నాం కదా. పాస్‌పోర్టులో ముందున్నది అదే, బడి పట్టీలోకి ఎక్కిందీ అదే. ఇంట్లో వాడు పుట్టిన దగ్గర్నుంచీ నానీ. వెంకట అంటే నువ్వేరా అని వాడికి మేమెవరమూ చెప్పలేదు. రెండు నెలలపాటు ఆ గదిలో ఎవరో వెంకటను పిలుస్తున్నారు, వాడు తన మానాన తను బొమ్మలు వేసుకుంటున్నాడు. ఇంగ్లీషూ కొత్తే కాబట్టి నోరు విప్పి అడిగిందీ లేదు. ఆ టీచరమ్మను తప్పు పట్టడానికి ఏముంది? తనకు అందిన కాగితంలో ఉన్న పేరుతోనే పిలిచింది. వీణ్ణి ఇంట్లో నానీ అంటాం అని ఒక్క చీటీ మేం పంపి ఉంటే సరిపోయేది. రెండు నెలల్లో ఆ బడి నుంచి మా ఇంటికి ఎన్ని కాగితాలు వచ్చాయో లెక్కలేదు. మా ఇంటి నుంచి సంతకాలు తప్ప ఏమీ వెళ్ళలేదు.

అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు మనసు కలుక్కుమంటుంది. తర్వాత నేను అలాంటి బళ్ళోనే, లంచ్ వేళ పిల్లలను చూసుకునే లంచ్ ఎయిడ్‌గా చేరాను, ఆ పైన తరగతి గదిలో సాయానికి వెళ్ళాను. అంతా కలిపి పదహారేళ్ళు. లోపలి నుంచి చూశాక తెలిసిన సంగతి చెబుతాను. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో టీచరు ఇరవైమంది పిల్లలను ఒక్కసారిగా చదువుకుంటూ ఉంటుంది. ఎవరు భయస్థులు, ఎవరికి తెలిసీ చెప్పడం రాదు, ఎవరికి నిజంగానే తెలియదు అని తన మనసులో ఒక్కొక్క పిల్లవాడి బొమ్మ గీసుకుంటుంది. ఆకులు రాలేనాటికి ఆ బొమ్మ సగం పూర్తవుతుంది. అందులో ఇంటివాళ్ళు గీయాల్సిన గీతలు కొన్ని ఉంటాయి. అవి వాళ్ళు గీయకపోతే టీచరు తోచినట్టు పూరించుకుంటుంది, మా నానీకి చెవుడు తగిలించినట్టు.

కాబట్టి కాన్ఫరెన్సుకు నువ్వు వెళ్ళు. అల్లుడూ వస్తే మరీ మంచిది, కానీ నీ బదులు మాత్రం కాదు. ఇంట్లో చిన్నోడితో ఎక్కువగా ఉండేది నువ్వు. వాడు దేనికి ఏడుస్తాడో, ఏ పాట పెడితే అన్నం తింటాడో, సిగ్గుపడితే ఎటు తిరిగి నుంచుంటాడో నీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. టీచరుకు కావలసింది అదే. ఇంగ్లీషు సంగతి అంటావా, చెప్పదలుచుకున్నవి నాలుగు వాక్యాలు కాగితం మీద రాసుకుని చూసి చదువు. అదీ కష్టమనిపిస్తే తెలుగు దుబాసీ కావాలని ముందే బడికి రాయి. తల్లిదండ్రులకు అర్థమయ్యే భాషలో విషయం చేరవేయడం బడి బాధ్యత, అది 1964 పౌరహక్కుల చట్టం నుంచి వచ్చింది. మొహమాటపడి మానేయవద్దు. ఫోనులోనే దుబాసీని కలిపి మాట్లాడించే ఏర్పాటు చాలా డిస్ట్రిక్టులకు ఉంది.

ఇంకొకటి. చేర్చేటప్పుడు ఇచ్చిన ఫారంలో ఇంటి భాష దగ్గర అల్లుడు ఇంగ్లీషు అని రాశానన్నాడు, తెలుగని రాస్తే వాణ్ణి వేరే గదిలో కూర్చోబెడతారని ఎవరో స్నేహితుడు చెప్పాడట. ఈ మాట నేను ఇరవై ఏళ్ళుగా వింటున్నాను. నాకు బాధే వేస్తుంది. తెలుగని రాస్తే చేసేది, పిల్లవాడికి ఇంగ్లీషు ఎంత వచ్చో చిన్న పరీక్ష పెట్టి చూడటం. సాయం అవసరమైతే ఇస్తారు, ఆ సంగతి మనకు రాసి తెలియజేస్తారు, వద్దనుకుంటే వద్దనే హక్కూ మనకుంది. ఆ సాయం ఊరికే వచ్చింది కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా కుటుంబాల వాళ్ళు మా పిల్లలకు పాఠం అర్థం కావడం లేదని సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1974లో గెలిస్తే వచ్చింది. వాళ్ళు అంత కష్టపడి తెచ్చినదాన్ని భయంతో కాలదన్నుకోవడం ఎందుకు? ఇంట్లో తెలుగే మాట్లాడతామని నువ్వే టీచరుతో చెప్పు. కథ చెబితే చివరిదాకా వింటాడని, తెలుగులో ఎన్ని ప్రశ్నలు వేస్తాడో కూడా చెప్పు. బళ్ళో మౌనంగా ఉన్న పిల్లవాడు ఇంట్లో వసపిట్ట అని తెలిస్తే టీచరు వాణ్ణి చూసే చూపే మారిపోతుంది.

చిన్నోడికి కుక్కర్ కూతకే దడుపు అన్నావు కదా, అదీ చెప్పు. ఈ రాష్ట్రంలో ప్రతి బడీ నెలకొకసారి మంటల డ్రిల్లు, నెలకొకసారి భద్రతా డ్రిల్లు తప్పకుండా చేయాలి. గంట ఒక్కసారిగా మోగుతుంది. భద్రతా డ్రిల్లప్పుడు లైట్లార్పి, పిల్లలను మూలన చప్పుడు చేయకుండా కూర్చోబెడతారు. దడుసుకునే పిల్లవాడని ముందే తెలిస్తే ఎవరో ఒకరు వాడి చెయ్యి పట్టుకుంటారు. నేను చాలా చేతులు పట్టుకున్నాను బుజ్జమ్మా. ఇంటివాళ్ళు చెప్పని పిల్లల సంగతి మాత్రం, ఏడుపు మొదలయ్యాక గానీ మాకు తెలిసేది కాదు.

లంచ్ సంగతి నాకు వదిలెయ్, అక్కడ నాకు తెలియనిది లేదు. తిండికి దొరికేది అరగంటే. అందులో వరసలో నడిచేది, చేతులు కడుక్కునేది పోతే మిగిలేది ఎంత? మూత తీయలేక డబ్బా పట్టుకుని కూర్చునే పిల్లలను రోజూ చూశాను. సాయం కోసం చెయ్యెత్తడానికి సిగ్గుపడి అన్నం అలాగే వెనక్కి తెచ్చిన పిల్లలున్నారు. ఇంట్లో డబ్బా వాడి చేతే తీయించు, వాడి చేతే మూయించు. కోటు జిప్పు కూడా అంతే. చలి మొదలైనా ఆటకు బయటికే పంపుతారు, కోటు లోపల పేరు రాయడం మరవకు. నవంబరు వచ్చేసరికి మా బళ్ళో పోయిన సామాన్ల పెట్టె నిండి పక్కన కుప్ప పడేది.

పల్లీల గురించి మరీ జాగ్రత్త. మన వంటలో పల్లీ లేనిది ఏది? ఇడ్లీలోకి పల్లీ చట్నీ, పులిహోరలో పల్లీలు, వంకాయ కూరలో పల్లీల పొడి. పక్కన కూర్చున్న పిల్లకు వేరుశనగ పడకపోతే అది ప్రాణం మీదికి వస్తుంది. ఫోల్డరులో ఎలర్జీ కాగితం వస్తే మిగతావన్నీ పక్కన పెట్టి అది చదువు. దీపావళికి తరగతికి జీడిపప్పు బర్ఫీ, నువ్వుల ఉండలు పంపుతానన్నావు, వద్దు. నువ్వులు కూడా ఇప్పుడు ఈ దేశంలో ముఖ్యమైన ఎలర్జీల పట్టీలో చేర్చారు. తినేవి కాకుండా నాలుగు మట్టి ప్రమిదలు పట్టుకెళ్ళి పిల్లలతో రంగులు వేయించు. ముందు టీచరును అడుగు, చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. న్యూయార్క్ నగరంలో 2023లో దీపావళికి బడి సెలవు చట్టమైంది. మీ బడికి సెలవున్నా లేకపోయినా, వాళ్ళ అమ్మ వచ్చి దీపం గురించి చెప్పిన రోజును చిన్నోడు మరవడు. మీ అన్నయ్యకు ఇప్పుడు ఇరవై ఏడు దాటాయి. నేను ఫస్ట్ గ్రేడ్‌లో వాళ్ళ తరగతికి పట్టుకెళ్ళిన బంతిపూల దండ గురించి ఇప్పటికీ చెబుతాడు.

ఫోల్డరు నిండా వచ్చే మిగతావాటికి బెంబేలెత్తకు. పిక్చర్ డే రోజు ఫోటో కొనాలని లేదు. పుస్తకాల సంతకు ఒక పుస్తకం పట్టే డబ్బు కవరులో పెట్టి పంపు, పన్ను కలుస్తుందేమో కనుక్కుని ఒక డాలరు ఎక్కువ పెట్టు. చిల్లర చాలక పుస్తకం తిరిగి బల్ల మీద పెట్టేసే పిల్లల ముఖం చూడలేం. హాలోవీన్ వేషానికి బట్టలు కొననక్కర్లేదు, పంచె కట్టి తలపాగా చుట్టినా సరిపోతుంది. నవంబరు మొదట్లో టీచర్ల మహాసభకు రెండు రోజులు బళ్ళుండవు, అల్లుడికి ఇప్పుడే చెప్పి పెట్టు. కాన్ఫరెన్సుల రోజుల్లో మధ్యాహ్నానికే వదిలేస్తారు, అది చూసుకోక పిల్లలను ఆఫీసులో కూర్చోబెట్టిన ఇళ్ళు ఏటా ఉండేవి.

పీటీఏ, అదే తల్లిదండ్రులూ టీచర్ల సంఘం, డబ్బున్నవాళ్ళ వ్యవహారం అన్నావు. నిజమే, కొన్నిచోట్ల నలుగురే పెత్తనం చేస్తూ కనిపిస్తారు, కొత్తవాళ్ళను పలకరించరు. కానీ దాని పుట్టుక వేరు. 1897లో ఆలిస్ బర్నీ, ఫీబీ హర్స్ట్ అనే ఇద్దరు ఆడవాళ్ళు వాషింగ్టన్‌లో తల్లులను పిలిచి మొదలుపెట్టిన సంఘం అది. నల్లజాతి పిల్లలను వేరే బళ్ళలో పెట్టిన రోజుల్లో జార్జియాకు చెందిన సెలీనా స్లోన్ బట్లర్ తమవాళ్ళ కోసం వేరే జాతీయ సంఘం పెట్టింది, అది 1926. రెండూ ఒకటయ్యింది 1970లో. ఇంతమంది తల్లులు కూడగట్టుకున్న చోట మనకు కుర్చీ లేదని ఎందుకు అనుకోవాలి? మొదటి సమావేశంలో ఏమీ మాట్లాడకపోయినా ఫరవాలేదు. ఫాల్ ఫెస్టివల్‌లో ఒక గంట గుమ్మడికాయల బల్ల దగ్గర నిలబడు. పక్కన నిలబడ్డ తల్లితో ఆ గంటలో కలిసే స్నేహం వంద ఈమెయిళ్ళతో కలవదు. ఇక్కడ నా మొదటి స్నేహితురాలు అలా దొరికిందే. ఆవిడది పోర్టో రికో, తన ఇంగ్లీషూ నాలాగే ఉండేది.

అల్లుడి గురించి ఒక మాట. జీతం తెచ్చేవాడికి తీరిక లేదు, ఒప్పుకుంటాను. మీ పెదనాన్న ఏడాదికి ఒక్కరోజు సెలవు పెట్టి తరగతిలో పుస్తకం చదివి వచ్చేవారు. మీ అన్నయ్య వారం ముందు నుంచీ రోజులు లెక్కపెట్టుకునేవాడు. అల్లుడితో పోట్లాడకు, ఈ ఉత్తరం చూపించు.

ఇంకా ఒకటుంది. కాన్ఫరెన్సులో చదువెలా ఉంది, పక్కవాళ్ళకంటే ముందున్నాడా అని అడిగే తెలుగు తల్లిదండ్రులను నేను చాలామందిని చూశాను. ఉన్న పదిహేను నిమిషాలూ దానికే పోతాయి. నువ్వు వేరే అడుగు. లంచ్‌లో ఎవరి పక్కన కూర్చుంటున్నాడు? అర్థం కాకపోతే అడుగుతున్నాడా, ఊరుకుంటున్నాడా? బళ్ళో ఎప్పుడైనా నవ్వుతున్నాడా? అయిదేళ్ళవాడి గురించి ఈ ఏడాది తెలుసుకోవలసింది అంతకంటే లేదు. అక్షరాలు వస్తాయి, ఆ కంగారు పడకు.

శనివారం పొద్దున్న నేనే వస్తాను. ఫోల్డరులో ఉన్నవన్నీ బల్ల మీద పరిచి ఉంచు, ఇద్దరం కూర్చుని టీచరుకు రాయాల్సిన చీటీ రాద్దాం. మొదటి వాక్యంలో వాణ్ణి ఇంట్లో ఏమని పిలుస్తారో ఉండాలి. వచ్చేటప్పుడు గోంగూర పచ్చడి తెస్తాను, చిన్నోడికి విడిగా కారం తక్కువగా కలిపాను.

ఉంటాను.

నీ పెద్దమ్మ