రేవు కొట్టుకుపోయినట్టేనా? – కలిసి ఆడే కథల్లో ‘కానన్’ గురించి

మొన్న సంక్రాంతి సెలవుల్లో, మలికిపురంలో మా ఇంటి అరుగు మీద మొదలెట్టిన ఆట పది నిమిషాలకే ఆగిపోయింది. మా ఆటలో ఒక లంక ఉంది. రెండేళ్లుగా ఐదుగురం కలిసి దానికి ఊళ్లు, గుడులు, పగలు, చుట్టరికాలు కల్పించుకుంటూ వచ్చాం. అందులో ఒక రేవు, ఆ రేవులో పంటు నడిపే ముసలాయన మా స్నేహితుడొకడి సృష్టి. వాడు ఒక సెమిస్టర్ అంతా ఆటకి రాలేకపోయాడు. ఆ మధ్యలో నేను వరద తెప్పించి, ముసలాయనతో సహా రేవుని గోదాట్లో కలిపేశాను. వాడు తిరిగొచ్చి, అంతా విని, ఒక్కటే అడిగాడు: “ఇది జరిగినట్టేనా రా?”

“గేమ్ మాస్టర్ని నేను. జరిగినట్టే” అన్నాను. వాడు పాచికలు జేబులో వేసుకుని లేచి వెళ్లిపోయాడు.

వాడి ప్రశ్నకి నేనిచ్చింది సరైన జవాబు కాదని తర్వాత తెలిసింది. మరి సరైనదేంటని వెతికితే తేలిన సంగతులివి.

ముందు ఆట గురించి

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ అంటే చుట్టూ కూర్చుని, మాటలతో, పాచికలతో ఆడే కథ. గేమ్ మాస్టర్ లోకాన్ని వర్ణిస్తాడు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని ఏం చేస్తారో చెబుతారు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’తో ఈ రకం ఆటలు జనంలోకి వచ్చాయి. కథ జరిగే లోకాన్ని సెట్టింగ్ అంటారు. ఆ లోకంలో నిజంగా జరిగినట్టు లెక్కలోకి వచ్చేది కానన్. మనం ‘ప్రమాణం’ అనుకోవచ్చు. ఒక్కడే రాసుకుంటే గొడవ లేదు. పదిమంది రాస్తేనే చిక్కు.

రెండు జవాబులు

మొదటిది ప్రచురణకర్త జవాబు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ లోకాల మీద దశాబ్దాలుగా నవలలు, కామిక్స్, వీడియో గేములు వచ్చాయి. 2021లో ఆ ఆట రూపకర్త జెరెమీ క్రాఫర్డ్ ఒక గీత గీశాడు: 2014 నుంచి, అంటే ఐదో ఎడిషన్ నుంచి, వచ్చిన ఆట పుస్తకాల్లో ఉన్నదే తమకి కానన్. పాత నవలలు చదివిన అభిమానులు బాధపడ్డారు. కానీ కొత్తగా రాసేవాడు ముందు నలభై ఏళ్ల సాహిత్యం చదివి రావాలంటే ఎవరూ రారు కదా! పైగా ఆ గీత కంపెనీ కోసమే. ఎవరి ఆటకి వాళ్ల కానన్ ఉంటుందని వాళ్లే వివరణ ఇచ్చారు.

రెండోది గ్రెగ్ స్టాఫర్డ్ జవాబు. ఆయన సృష్టించిన గ్లోరాంథా అనే లోకం 1975 నుంచి ఆటల రూపంలో వస్తోంది. ‘మీ గ్లోరాంథా వేరుగా ఉంటుంది’ అన్నది అక్కడి నినాదం. ఎంత ఉదారమో! అయినా ఆయన కొత్తగా ఏదైనా రాసినప్పుడు, అభిమానులు అంతకుముందు కల్పించుకున్నది తారుమారయ్యేది. దానికి వాళ్లు ఆయన పేరునే క్రియాపదం చేసేశారు. మనలో మనం ‘గ్రెగ్ చేసేశాడు’ అనుకోవచ్చు. నేను మా వాడికి చేసింది సరిగ్గా అదే.

మనవాళ్లు ఏం చేశారు?

ఒకే లోకంలో చాలామంది రాయడం తెలుగువాళ్లకి కొత్త కాదు. భారతాన్నే చూడండి. పదకొండో శతాబ్దంలో నన్నయ ఆది, సభా పర్వాలు పూర్తిచేసి, అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. పదమూడో శతాబ్దంలో తిక్కన విరాటపర్వం నుంచి మొదలుపెట్టి చివరిదాకా రాశాడు. మధ్యలో ఖాళీ అలాగే ఉంది. పద్నాలుగో శతాబ్దంలో ఎఱ్ఱన దాన్ని పూరించాడు. ఎలా? నన్నయ రాసినట్టుగానే, నన్నయకి భారతం రాయమన్న రాజరాజనరేంద్రుడికే అంకితమిస్తూ. అప్పటికి ఆ రాజు పోయి రెండున్నర శతాబ్దాలు దాటింది! ముందువాడి శైలిలో ఎత్తుకుని, తర్వాతివాడి శైలికి దగ్గరవుతూ ముగించాడని పండితులు చెబుతారు. మధ్యలో కలం పట్టినవాడు అటూ ఇటూ ఉన్నవాళ్ల మాట చెల్లనిచ్చాడన్నమాట.

ఇక ‘మాయాబజార్’ (1957). వ్యాసభారతంలో శశిరేఖ లేదు. అభిమన్యుడి పెళ్లంటే విరాటపర్వంలో ఉత్తరతో జరిగేదే. మరి శశిరేఖా పరిణయం అబద్ధమని ఏ తెలుగు ఇంట్లోనైనా అనగలమా? అది ఎంత జాగ్రత్తగా ఇమిడిందో గమనించండి. పాండవుల వనవాసంలో అభిమన్యుడు ద్వారకలో పెరిగాడని మూలంలోనే ఉంది. అక్కడేం జరిగిందో పెద్దగా లేదు. కథ ఆ ఖాళీలోనే కూర్చుంది. సినిమాలో పాండవులు ఒక్కసారి కూడా కనిపించరు. లక్ష్మణకుమారుడు నవ్వులపాలవుతాడు గానీ చావడు, ఎందుకంటే వాడు కురుక్షేత్రంలో అభిమన్యుడి చేతిలో చావాలి. మూలంలో ఒక్క ఇటుక కూడా కదల్లేదు.

మా ఊరికి దగ్గర్లోని అంతర్వేదిలోనూ ఇదే పద్ధతి. ప్రహ్లాదుడి కథ అందరిదీ. అదే నరసింహస్వామి వశిష్ఠుడి కోసం వచ్చి రక్తవిలోచనుణ్ణి చంపాడన్నది మా స్థలపురాణం. నమ్మకం సంగతి కాదు, కథ కట్టిన తీరు చెబుతున్నాను. పెద్ద కథకి అడ్డు రాకుండా మా తీరానికి మేం ఒక అధ్యాయం కలుపుకున్నాం.

తేలిందేమిటి?

ఒకటి: పుస్తకంలో ఉన్నంత మాత్రాన, గేమ్ మాస్టర్ అన్నంత మాత్రాన ప్రమాణం కాదు. దాని మీద ఇతరులు ఇంకేదైనా కట్టుకున్నప్పుడు అది ప్రమాణం అవుతుంది.

రెండు: కాబట్టి ఖాళీలో కట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఒకరు కట్టింది కూల్చాలంటే మాత్రం వాళ్లని అడగాలి.

మూడు: గేమ్ మాస్టర్ కూడా ఎఱ్ఱన లాంటివాడే. అటూ ఇటూ చూసుకుని రాయాలి.

ఈ లెక్కన వరదని రద్దు చేయడమూ కుదరదు. ఆ వరదలో ఇల్లు పోగొట్టుకున్న పాత్రతో మా జట్టులో ఒకమ్మాయి ఆర్నెల్లుగా ఆడుతోంది. వరద లేదంటే ఆమె కథంతా పోతుంది. ఒకరికి చేసిన అన్యాయం ఇంకొకరికి చేసినట్టవుతుంది.

అందుకే మా వాడింటికి వెళ్లి, అడక్కుండా చేసింది తప్పేనని ఒప్పుకుని చెప్పాను: “వరద వచ్చింది. రేవు పోయింది. కానీ ముసలాయన శవం దొరికిందని ఆటలో ఎవరూ అనలేదు. పంటు ఎటు కొట్టుకుపోయిందో నువ్వే చెప్పాలి.”

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత “సముద్రంలోకి మాత్రం పోలేదు” అన్నాడు. మిగతాది వేసవి సెలవుల్లో చెబుతాడట.