ఏ రాష్ట్రం బిడ్డో పదో తరగతిలోనే తేల్చుకోవాలి

వేలూరులో తిరువణ్ణామలై బస్సు ఎక్కితే కనియంబాడి చేరేలోపే రెండు మెడికల్ కాలేజీలు కనిపిస్తాయి. బాగాయంలో క్రిస్టియన్ మెడికల్ కాలేజీ, అంటే ఊరందరి నోట్లో సీఎంసీ. అది దాటాక అడుక్కంపారైలో ప్రభుత్వ వేలూరు మెడికల్ కాలేజీ. మొదటిది ఐడా స్కడర్ 1918లో ఆడపిల్లల కోసం పెట్టిన మెడికల్ స్కూలు నుంచి ఎదిగింది. రెండోది 2005లో వచ్చింది. ఇంత దగ్గరలో రెండు కాలేజీలు పెట్టుకుని కూడా, కనియంబాడిలోనో గుడియాత్తంలోనో ఒక తెలుగు ఇంట్లో పిల్లను డాక్టరు చదివించాలనే మాట రాగానే అందరి చూపూ తిరుపతి, విజయవాడ, నెల్లూరు వైపు పోతుంది. పది పరీక్షలు అయ్యాయో లేదో, అక్కడ ఇంటర్ బైపీసీలో చేర్పించేస్తారు. తెలుగులో చెబుతారు, మేనత్తో పెదనాన్నో దగ్గర్లో ఉంటారు, నీట్ కోచింగ్ కూడా అదే ప్రాంగణంలో దొరుకుతుంది. కారణాలన్నీ సబబుగానే ఉంటాయి. ఆ రెండేళ్ళూ సీటు దగ్గర ఏం తెచ్చిపెడతాయి, ఏం పోగొడతాయి అన్న లెక్క మాత్రం ఎవరూ వెయ్యరు.

నీట్ ర్యాంకు దేశమంతటికీ ఒకటే అయినా సీటు ఇచ్చేది ఎక్కువగా రాష్ట్రమే. ప్రభుత్వ కాలేజీల్లో 15 శాతం సీట్లు అఖిల భారత కోటాకు పోతాయి, మిగతా 85 శాతం ఆ రాష్ట్రం పిల్లలవి. కాబట్టి ర్యాంకు వచ్చాక మొదట ఎదురయ్యే ప్రశ్న 'నువ్వు ఏ రాష్ట్రం?' అన్నదే. సరిహద్దు తెలుగు కుటుంబాలు తడబడేది ఇక్కడే.

తమిళనాడు లెక్క ఇలా ఉంటుంది. ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా ఇక్కడే చదివినవాళ్ళు రాష్ట్ర కోటాకు నేరుగా వస్తారు. మధ్యలో కొన్నేళ్ళు బయట చదివితే, పుట్టుకతో ఇక్కడివాళ్ళమేనని తహసీల్దారు ఇచ్చే నేటివిటీ సర్టిఫికెట్టు, తల్లిదండ్రుల చదువు, నివాసం చూపే కాగితాలు పెట్టాలి. తలుపు మూసుకుపోదు గానీ, తట్టడం ఒకటికి నాలుగుసార్లు అవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో లోకల్ అనిపించుకోవాలంటే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా నాలుగేళ్ళు వరసగా అక్కడే చదివి ఉండాలి. తెలంగాణ కూడా 2024లో నాలుగేళ్ళ నిబంధనను బిగించింది, 2025లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. అంటే, పది దాకా గుడియాత్తంలో చదివి ఇంటర్ మాత్రం తిరుపతిలో చేసిన పిల్లవాడు ఎస్వీయూ ప్రాంతానికి లోకల్ కాడు. రెండేళ్ళు తెలుగు నేల మీద ఉన్నాడు కదా అని ఎస్వీ మెడికల్ కాలేజీలో లోకల్ కోటా సీటు రాదు. కుప్పంలో పీఈఎస్, చిత్తూరులో అపోలో కాలేజీలు మనకు ఎంత దగ్గరగా ఉన్నా, కన్వీనర్ కోటా దగ్గరికి వచ్చేసరికి ఆ దూరం పెరిగిపోతుంది. మేనేజ్‌మెంట్ కోటా సంగతి వేరు, అక్కడ అడిగేది డబ్బు.

పోనీ, రెండు రాష్ట్రాల్లోనూ నేటివ్‌నని రాసి ఎక్కడ వస్తే అక్కడ చేరుదామనుకునేవాళ్ళున్నారు. ఆ పని చెయ్యొద్దు. ఒకే ఏడాది రెండు చోట్ల నేటివిటీ చూపినట్టు తేలితే రెండు చోట్లా పేరు కొట్టేస్తారు, రెంటికీ చెడ్డ రేవడి అవుతాం.

ప్రభుత్వ బడి పిల్లలను ఇంటర్‌కు ఆంధ్ర పంపితే ఆ తప్పుకు మూల్యం ఇంకా ఎక్కువ. 2020లో తమిళనాడు ఒక చట్టం చేసింది. ఆరు నుంచి పన్నెండు దాకా ప్రభుత్వ బడిలో చదివి నీట్‌లో అర్హత తెచ్చుకున్నవాళ్ళకు మెడికల్ సీట్లలో 7.5 శాతం విడిగా పెట్టింది. అంతకుముందు ప్రభుత్వ బడుల నుంచి మెడికల్ కాలేజీకి వెళ్ళేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. చట్టం వచ్చిన మొదటి ఏడాదే సుమారు 400 మందికి ఎంబీబీఎస్, బీడీఎస్ సీట్లు దొరికాయి. 2022లో మద్రాసు హైకోర్టు కూడా ఈ చట్టం చెల్లుతుందని చెప్పింది. ఈ కోటాలో సీటు వచ్చినవాళ్ళకు ఫీజు, హాస్టలు ఖర్చు ప్రభుత్వమే భరిస్తుంది. పోటీ కూడా తమలాంటి పిల్లలతోనే. కనియంబాడి బ్లాకులో ప్రభుత్వ బడికి వెళ్ళే కూలివాళ్ళ అమ్మాయికి ఇంతకంటే దగ్గర దారి ఇంకోటి లేదు. అలాంటి అమ్మాయిని పదిలో మంచి మార్కులు వచ్చాయని అప్పు చేసి ఆంధ్రలో ప్రైవేటు జూనియర్ కాలేజీలో చేర్పిస్తే, చేరిన రోజే ఆ 7.5 శాతం చేజారుతుంది. పదకొండు, పన్నెండు కూడా ఇక్కడి ప్రభుత్వ హయ్యర్ సెకండరీ బడిలోనే చదివించి, కావాలంటే కోచింగ్ విడిగా ఇప్పించండి. అప్పు చేసేదేదో దానికే చెయ్యండి.

ఒక మెలిక ఉంది. ఎయిడెడ్ బళ్ళు ఈ కోటాలోకి రావు. జీతాలు ప్రభుత్వమే ఇస్తోంది కదా, ఇదీ ప్రభుత్వ బడే అనుకుని ఏడేళ్ళు గడిపాక తెలిస్తే చేసేదేమీ ఉండదు. మీ బడి ఏ పద్దులో ఉందో ఆరో తరగతిలో చేర్చే ముందే హెడ్‌మాస్టరును అడగండి.

ఇక కులం సర్టిఫికెట్టు. తమిళనాడులో 69 శాతం రిజర్వేషన్: బీసీలకు 26.5, ముస్లిం బీసీలకు 3.5, ఎంబీసీలకు 20, ఎస్సీలకు 18, ఎస్టీలకు 1. ఎస్సీల 18లో 3 శాతం 2009 నుంచి అరుంధతియర్లకు. ఇళ్ళల్లో తెలుగు మాట్లాడుకునే అరుంధతియర్ కుటుంబాలు ఈ రాష్ట్రంలో చాలా ఉన్నాయి, ఆ 3 శాతం గురించి తెలియనివీ ఉన్నాయి. సర్టిఫికెట్టులో ఉత్త ఎస్సీ అని కాకుండా ఆ పేరు స్పష్టంగా ఉందో లేదో చూసుకోవాలి.

చుట్టాలింట్లో పెళ్ళికి వెళ్ళినప్పుడు చిత్తూరు బంధువు 'మనం బీసీ-డీ కదరా' అంటాడు. ఆ మాట అక్కడికే. ఆంధ్ర జాబితా ఆంధ్రకు, తమిళనాడు జాబితా తమిళనాడుకు. ఈ విషయం తేల్చిన కేసు కూడా మన తెలుగు విద్యార్థిదే, అదీ మెడికల్ సీటు కోసమే. మర్రి చంద్రశేఖరరావు తెనాలిలో పుట్టాడు. ఆంధ్రలో ఎస్టీగా గుర్తించిన కులం. తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయికి వెళ్ళి అక్కడే చదివాడు. అక్కడి మెడికల్ కాలేజీల్లో ఎస్టీ కోటా సీటు అడిగితే కాదన్నారు. సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1990లో కాలేజీల వైపే తీర్పిచ్చింది: ఒక రాష్ట్రంలో ఉన్న హోదా ఇంకో రాష్ట్రానికి వెంట రాదు. ఆంధ్ర నుంచి వలస వచ్చి ఇక్కడ ఆరు నుంచి పన్నెండు చదివించిన కుటుంబాలకూ ఇదే వర్తిస్తుంది. రాష్ట్ర కోటాలో దరఖాస్తు పెట్టొచ్చు, అయితే ఓపెన్ కేటగిరీలోనే.

అఖిల భారత కోటాకు మళ్ళీ వేరే కాగితం. అక్కడ ఓబీసీ అంటే కేంద్రం జాబితాలో ఉండాలి, క్రీమీ లేయర్ కాకూడదు. తమిళనాడు బీసీ సర్టిఫికెట్టు అక్కడ చెల్లదు. ఈడబ్ల్యూఎస్ 10 శాతం ఆ కోటాలో ఉంది, తమిళనాడు రాష్ట్ర సీట్లలో లేదు. ఇవన్నీ ఇ-సేవై కేంద్రంలో దరఖాస్తు పెట్టుకుంటే వస్తాయి, కానీ ఫలితాలు వచ్చిన వారంలో అందరూ అక్కడే బారులు తీరతారు. ముందే తెచ్చిపెట్టుకున్నవాళ్ళు తెలివైనవాళ్ళు.

పేరు సంగతి ఒకటి చెప్పి ముందుకు పోతాను. ఆంధ్రలో ఇంటిపేరు ముందు వస్తుంది, తమిళనాడులో తండ్రి పేరులో మొదటి అక్షరం ఇనీషియల్ అవుతుంది. మన ఇళ్ళల్లో రెండూ కలిసిపోతాయి. బడి రికార్డులో 'ఆర్', ఆధార్‌లో ఇంటిపేరు, కులం సర్టిఫికెట్టులో తాతగారు రాయించిన 'నాయుడు'. నీట్ దరఖాస్తులో పదో తరగతి మార్కుల పత్రం మీద ఉన్నట్టే రాయాలి. మిగతా కాగితాలన్నీ దానికి సరిపోయేలా తొమ్మిదో తరగతిలోనే మార్పించుకుంటే కౌన్సెలింగ్ బల్ల దగ్గర కన్నీళ్ళు పెట్టుకునే పని ఉండదు.

పరీక్ష ఎలా రాయాలో కోచింగ్ వాళ్ళు విసుగు పుట్టేదాకా చెబుతారు, నేను భాష గురించి మాత్రం చెబుతాను. నీట్ పదమూడు భాషల్లో ఉంది. తెలుగు ప్రశ్నపత్రం ఆంధ్ర, తెలంగాణ కేంద్రాల్లోనే ఇస్తారు, తమిళనాడు కేంద్రాల్లో ఇచ్చేవి తమిళం, ఇంగ్లీషు, హిందీ. వేలూరులో రాస్తూ తెలుగు పత్రం కావాలంటే కుదరదు. అనువాదంలో అనుమానం వస్తే ఇంగ్లీషు పాఠమే తుది మాట. నా సలహా: మాట్లాడుకునే భాష ఏదైనా, భౌతిక రసాయన శాస్త్రాల పదాలు ఇంగ్లీషులో అలవాటు చేసుకుని, ఇల్లు దగ్గరి కేంద్రంలో రాయండి.

ఇప్పుడు సీఎంసీ. ఈ జిల్లాలో దాని చుట్టూ ఉన్నన్ని అపోహలు ఇంక దేని చుట్టూ లేవు. ఒకప్పుడు అక్కడ సొంత ప్రవేశ పరీక్ష, ఆ తర్వాత బాగాయంలో రోజుల తరబడి ఇంటర్వ్యూలు ఉండేవి. మార్కులొక్కటే కాదు, మనిషి పల్లెలో పనిచేస్తాడా లేదా అన్నది చూసేవాళ్ళు. నీట్ తప్పనిసరి అయ్యాక 2017లో కాలేజీ తన 100 ఎంబీబీఎస్ సీట్లలో ఒక్కటి మాత్రమే నింపింది, అదీ కేంద్ర ప్రభుత్వం పంపిన అభ్యర్థితో. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మైనారిటీ కాలేజీలకూ నీట్ తప్పదని తీర్పు చెప్పింది. ఆ పాత ఇంటర్వ్యూ పోవడం నష్టమేనని నా అభిప్రాయం. మూడు గంటల పరీక్షలో అత్యధిక మార్కులు తెచ్చుకున్నవాడే కనియంబాడి పల్లెల్లో జ్వరాల లెక్క ఓపిగ్గా రాస్తాడన్న హామీ ఏమీ లేదు.

ఇప్పుడు ప్రవేశం నీట్ ర్యాంకుతోనే జరుగుతున్నా సీట్లు కేటగిరీల వారీగా విడిపోయి ఉన్నాయి. కాలేజీ కౌన్సిల్‌లో సభ్యత్వం ఉన్న క్రైస్తవ సంఘాలు తమ అభ్యర్థులను స్పాన్సర్ చేస్తాయి. అలా చేరినవాళ్ళు చదువయ్యాక రెండేళ్ళు ఆ సంఘం చెప్పిన చోట, ఎక్కువగా మారుమూల ఆసుపత్రిలో, పనిచేయాలి. ఈ దారి తెలుగు క్రైస్తవ కుటుంబాలకు తెలిసినదే, అయితే స్పాన్సర్‌షిప్ కోసం నీట్ ఫలితం వచ్చాక పాస్టరు గారి దగ్గరికి పరుగెత్తితే ఆలస్యమైపోతుంది, ముందే కదలాలి. ఎంపిక రాష్ట్ర కౌన్సెలింగ్ ద్వారానే గనుక, ఆ ఏడాది బులెటిన్, రాష్ట్రం ప్రాస్పెక్టస్ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఆసుపత్రి దగ్గర లాడ్జీల్లోనో టీ బంకుల దగ్గరో 'లోపల మనవాళ్ళున్నారు, సీటు ఇప్పిస్తాం' అనేవాళ్ళు ఎదురైతే టీ డబ్బులు మీవి మీరిచ్చి లేచి రండి.

చేరాలనుకునేవాళ్ళు ఒకటి తెలుసుకోవాలి. ఇక్కడ మొదటి ఏడాది విద్యార్థులను పల్లెలో ఉంచి ఇల్లిల్లూ తిప్పుతారు. దశాబ్దాలుగా ఆ పల్లెలు కనియంబాడి బ్లాకువే. ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్త, పల్లెకు వచ్చే నర్సు, బాగాయంలోని చాద్ ఆసుపత్రి, వీటి ద్వారా ఇక్కడి పుట్టుకలూ చావులూ నమోదవుతాయి. కనియంబాడి పిల్లలకు ఇది పెద్ద సౌకర్యం: డాక్టరు పని ఎలా ఉంటుందో చూడటానికి యూట్యూబ్ అక్కర్లేదు. మీ వీధికి వచ్చే నర్సమ్మతో ఒక పూట తిరగనివ్వమని అడగండి. సగంమందికి ఆసక్తి పెరుగుతుంది, కొందరికి ఇది నా పని కాదని తెలుస్తుంది. రెండోదీ లాభమే, పన్నెండు కంటే ముందు తెలిస్తే.

కౌన్సెలింగ్‌లో అఖిల భారత కోటా, రాష్ట్ర కోటా విడివిడిగా నడుస్తాయి, రెంటికీ నమోదు చేసుకోవాలి. మొదటి రౌండులో వచ్చిన సీటు వద్దనుకుంటే పెద్దగా పోయేదేమీ లేదు. రెండో రౌండులో వచ్చింది చేరకపోతే డిపాజిట్టు పోతుంది. మూడో రౌండుకు వచ్చేసరికి కాళ్ళు కట్టేసినట్టే, ఒకచోట చేరితే ఇంకోచోటికి కదలనివ్వరు. ఆప్షన్లు 'వస్తుందా' అని కాక 'వస్తే చేరతానా' అని చూసుకుని పెట్టండి. పాండిచ్చేరి జిప్‌మర్ సీట్లన్నీ కేంద్ర కౌన్సెలింగ్‌లోనే ఉంటాయి, వేలూరు వాళ్ళు దాన్ని మరిచిపోతుంటారు. తమిళనాడు ప్రైవేటు కాలేజీల్లో తెలుగు భాషా మైనారిటీ హోదా ఉన్నవీ ఉన్నాయి. మాతృభాష తెలుగని రుజువు చూపాలి, ఫీజు లక్షల్లో ఉంటుంది. డీమ్డ్ యూనివర్సిటీలైతే ఏడాదికి పాతిక లక్షల దాకా పోతుంది. ఇల్లు తాకట్టు పెట్టి అంత కట్టమని నేనెవరికీ చెప్పను.

ఒకసారి రాకపోతే ఇంకో ఏడాది కూర్చోవచ్చు. మూడో ఏడాది కూర్చోబెట్టే ముందు మాత్రం తల్లిదండ్రులు పిల్లలను ఎదురుగా కూర్చోబెట్టుకుని నీకు ఇష్టమేనా అని అడగాలి, వచ్చిన జవాబును వినాలి. నిద్ర పట్టక, తిండి సయించక, మాట తగ్గిపోతే 14416 టెలీ మానస్ నంబరుకు ఫోన్ చెయ్యండి, తెలుగులోనూ మాట్లాడతారు. డాక్టరు చదువొక్కటే దారి కూడా కాదు. సీఎంసీలోనే 1946 నుంచి బీఎస్సీ నర్సింగ్ ఉంది, దేశంలో ఆ డిగ్రీ మొదలైన తొలి రెండు చోట్లలో అది ఒకటి. ల్యాబ్, రేడియాలజీ లాంటి అలైడ్ హెల్త్ కోర్సులూ ఉన్నాయి. వాటికి దరఖాస్తు విడిగా పెట్టుకోవాలి, గడువు కూడా వేరు. నీట్ ఫలితం కోసం ఎదురుచూస్తూ ఆ తేదీలు దాటించుకోకండి.