పటము నాడు, తెర నేడు

పూర్వము తెలంగాణపు పల్లెలకు పటముకథకులు వచ్చెడివారు. ఊరినడుమ రెండు గుంజలు పాతి, వానికి అడ్డముగా ఒక కర్రను కట్టి, దానినుండి చిత్రపటమును వ్రేలాడదీసెడివారు. ఆ పటము సుమారు 3 అడుగుల వెడల్పును, 40 నుండి 60 అడుగుల వరకు పొడవును కలిగియుండెడిది. చుట్టగానున్న బట్టను కొంచెము కొంచెముగా విప్పుచు, చేతికర్రతో ఒక్కొక్క బొమ్మను చూపుచు కథకుడు పాడెడివాడు. వెంటవచ్చినవారు వాద్యములతో వంతపాడెడివారు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణమును, ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథను చెప్పుట ఆచారము. వినువారిలో అక్షరములు వచ్చినవారు అరుదు. అయినను కథ అందరికిని అర్థమయ్యెడిది. చెవి విన్నదానిని కన్ను చూచెడిది. కన్ను చూచినదానిని మనసు మరువకుండెడిది.

ఈ పటములకు పేరుపొందిన ఊరు చేర్యాల. పూర్వపు వరంగల్లు జిల్లాలోని ఆ ఊరు నేడు సిద్దిపేట జిల్లాలో చేరియున్నది. అచటి నకాషీ కళాకారులు ఖద్దరుబట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూసి ఆరబెట్టుదురు. పిదప ఎఱ్ఱని రంగు పరచి దానిమీద బొమ్మలు వ్రాయుదురు. రాజు ఎవరో, బంటు ఎవరో చూడగానే తెలియవలెను. ముఖమునకు వేసిన రంగు, కట్టిన బట్ట, నిలిచిన తీరు, ఇవియే ఆ పటమునకు అక్షరములు. సినిమాలును టెలివిజనును వచ్చిన పిదప పటముకథను వినువారు తగ్గిరి. కళాకారులు బ్రతుకుతెరువుకై గోడకు తగిలించు చిన్న చిత్రములను, మాస్కులను చేయసాగిరి.

పటముకథ అరుదయ్యెనే కాని, బొమ్మతో కథ చెప్పు విద్య అంతరింపలేదు. నేడు చేతిలోని ఫోనుకు ఒక చిన్న తెర కలదు. వ్రేలితో పైకి జరిపినకొలది ఒక బొమ్మ వెంట మరియొక బొమ్మ వచ్చుచుండును. యూట్యూబ్ 2005లోను, ఇన్‌స్టాగ్రామ్ 2010లోను పుట్టినవి. 2016 నుండి మన దేశమున అంతర్జాలము మిక్కిలి చవుక యగుటచే ఈ సామాజిక మాధ్యమములు పల్లెలకును చేరినవి. నాటి కథకుడు కథను మోసికొని ఊరూర తిరిగెను. నేటి కథకుడు తన ఊరిలోనే యుండగా కథయే ఊరూర తిరుగుచున్నది. దీనికి ఉత్తర తెలంగాణములోనే చక్కని నిదర్శనము కలదు.

కొండగట్టు క్షేత్రమునకు చేరువలో, మల్యాల మండలములో, లంబాడిపల్లి అను చిన్న గ్రామమున్నది. అది 2016 వరకు కరీంనగరము జిల్లాలోనిది. ఆ ఏట జిల్లాలను విభజించినప్పుడు జగిత్యాల జిల్లాలో చేరినది. శ్రీరామ్ శ్రీకాంత్ అను యువకుడు 2012లో ‘మై విలేజ్ షో’ అను పేర యూట్యూబ్‌లో ఒక ఛానలును ప్రారంభించెను. ఊరి వాకిళ్ళును పొలముగట్లును రంగస్థలములయ్యెను. ఊరివారే నటులైరి. పండుగలు, పెండ్లిండ్లు, వ్యవసాయపు కష్టములు, ఇరుగుపొరుగుల ఎత్తిపొడుపులు కథావస్తువులయ్యెను.

కొన్ని ఏండ్లకు ఆ బృందములో మిల్కూరి గంగవ్వ చేరెను. ఆమె పొలములలో కూలిపని చేసి, పెక్కు కష్టములకోర్చి బ్రతికిన స్త్రీ. నటనలో ఎట్టి శిక్షణయు పొందలేదు. ఆమె పలుకులు పుస్తకములోనివి కావు. ఇంటిలో, చేనిలో, బావికడ నిత్యము పలుకు మాటలు. ఆమె కోపగించుకొన్నను, పరిహాసమాడినను, చూచువారికి తమ అవ్వయే జ్ఞప్తికి వచ్చెను. 2019లో ఆమె ‘మల్లేశం’, ‘ఇస్మార్ట్ శంకర్’ చలనచిత్రములలో కనబడెను. 2020లో ‘బిగ్‌బాస్’ అను టెలివిజను కార్యక్రమమునకు పోయి, అనారోగ్యముచే నడుమనే మరలి వచ్చెను. సొంత ఇల్లు కట్టుకొనవలెనను ఆమె చిరకాల వాంఛ ఆ పిదప నెరవేరెను.

ఈ చిన్న పల్లెకు ఇంత పేరు ఎట్లు వచ్చెను? ఖరీదైన పరికరములవలన కాదు. తెలంగాణపు మాటను చలనచిత్రములు చిరకాలము హాస్యగాండ్రకును దుష్టపాత్రలకును వాడుచు వచ్చినవి. ఆ మాట నవ్వించుటకే తగునని పలువురు తలచిరి. లంబాడిపల్లివారు అదే మాటతో నవ్వించిరి, కంటతడియు పెట్టించిరి. అయితే ఎవరో వచ్చి వారిని గూర్చి చెప్పలేదు. తమ్ము గూర్చి తామే చెప్పుకొనిరి. తన కథను తాను చెప్పుకొనలేనివానికి ఇతరులు కట్టినదే కథ యగును. వారి విజయములోని మొదటి రహస్య మిదియే. రెండవది ఓర్పు. 2012లో నాటిన విత్తు ఒక్కనాటిలో ఫలింపలేదు. చూచువారు కొలదిమందియే యున్న దినములలోను వారు మానక కథలు చెప్పిరి.

ఈ విద్య వినోదమునకే కాక, చిన్న వృత్తులవారికిని పనికివచ్చును. ఒక వస్తువు పేరు వినగానే కొనువాని మనసులో కలుగు నమ్మకమును వర్తకులు బ్రాండు అందురు. పెద్ద సంస్థలు కోట్లు వెచ్చించి ఆ నమ్మకమును సంపాదించును. అంత ధనము లేని పనివాడు ఏమి చేయవలెను? అతనికి ధనము లేకున్నను కథ కలదు.

నిర్మల బొమ్మలనే తీసికొందము. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని నిర్మలలో నకాషీలు పొణికి కర్రతో బొమ్మలు చేయుదురు. ఆ కర్ర తేలికయైనది, మెత్తనిది. దానిని ఎండబెట్టి, చెక్కి, ముక్కలను చింతగింజల జిగురుతో అతికించుదురు. రంపపుపొట్టును ఆ జిగురుతోనే కలిపి పైన మెత్తి నునుపు చేయుదురు. పిదప సుద్ద పూసి రంగులు వేయుదురు. అట్లు చేసిన పండ్లును పక్షులును నిజమైనవో అని భ్రమ కలిగించును. అయితే అంగడిలో ఆ బొమ్మ ప్రక్కన అచ్చులో పోసిన ప్లాస్టిక్ బొమ్మ యుండును. దాని వెల తక్కువ. కొనువాడు రెండింటిని చూచి, “దీనికింత వెల ఎందుకు?” అని అడుగును. బొమ్మ బదులు చెప్పలేదు. చేసిన చేయి అచట లేదు. ఆ బేరములో ఓడిపోవునది ఒక్క బొమ్మయే కాదు, ఒక కుటుంబపు వృత్తి. తండ్రికి కూలి గిట్టనిచో కొడుకు ఉలి పట్టుకొనడు.

ఇచటనే చిత్రకథ అక్కరకు వచ్చును. అడవిలోని పొణికి చెట్టు మొదటి బొమ్మ. అది నానాటికి కరవగుచున్నదని చెప్పుటయు కథలో భాగమే. ఎండుచున్న కర్ర రెండవది. ఉలి క్రింద మెల్లగా పుట్టు చిలుక ముక్కు మూడవది. రంగుకుంచె పట్టిన వ్రేళ్ళు నాలుగవది. పసిబిడ్డ చేతిలోని చిలుక తుదిది. ఈ అయిదు బొమ్మలను చూచినవాడు వెల ఎందుకని అడుగడు. అన్నిటిని ఒక్కమారే చూపనక్కరలేదు. దినమునకొక్కటి చూపినచో చూచువాడు మరునాటికై వేచియుండును. పటముకథకుడు చుట్టను కొంచెము కొంచెముగా విప్పుటలోని నేర్పు ఇదియే.

కరీంనగరపు వెండితీగ పనికిని ఇట్లే. సన్నని వెండి తీగలను మెలిపెట్టి, పూలుగా, ఆకులుగా వంచి, అతికి, అత్తరుదానులు, పన్నీటిబుడ్లు, తాంబూలపు పెట్టెలు చేయుదురు. కేవలము వస్తువును చూపినచో అది ఎంతటిదో తెలియదు. పనివాని అరచేతిలో నుంచి చూపిన పరిమాణము తెలియును. తీగను పట్టుకారుతో వంచునపుడు చూపిన సన్నదనము తెలియును. కిటికీకడ ఉదయపు వెలుగు చాలును. దీపపు కాంతులతో లేని మెరుగులు పెట్టనక్కరలేదు.

ఏలయన, బొమ్మ అబద్ధమాడినచో మొదటికే మోసము వచ్చును. యంత్రముతో చేసినదానిని చేతిపని యని చూపినవాడు ఒకమారు అమ్మగలడు. రెండవమారు అతని తలుపు తట్టువారుండరు. ధనము పుచ్చుకొని ఒక వస్తువును పొగడువారు ఆ సంగతిని స్పష్టముగా చెప్పవలెనని కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ 2023 జనవరిలో సూచనలు వెలువరించినది. చట్టము చెప్పకున్నను మంచి వర్తకుని నీతి అదియే.

మరియొక జాగ్రత్తయు కలదు. సామాజిక మాధ్యమము పరుల అరుగు వంటిది. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వము టిక్‌టాక్‌తో కూడ 59 యాప్‌లను నిషేధించెను. అందులోనే పేరు సంపాదించుకొన్నవారు ఒక్క రాత్రిలో తమ ప్రేక్షకులను కోల్పోయిరి. కనుక పరుల అరుగుమీద అంగడి పెట్టినవాడు తన ఖాతాదారుల పేళ్ళను తన పుస్తకములో వ్రాసికొనవలెను.

నిర్మల బొమ్మలకును, కరీంనగరపు వెండితీగ పనికిని, చేర్యాల పటములకును భౌగోళిక సూచిక అను గుర్తింపు లభించినది. ఆదిలాబాదు డోక్రా లోహపు పని 2018లో ఆ గౌరవమును పొందెను. ఇతర ప్రాంతములవారు ఆ పేర్లను వాడుకొనకుండ చట్టము కాపాడును. అది ఒక్కరి సొత్తు కాదు. ఆ పని నేర్చిన ఊరివారందరి ఉమ్మడి ఆస్తి. అయితే చట్టము పేరును కాపాడగలదే కాని, కొనువాని హృదయములో ఆ పేరునకు చోటు కల్పింపలేదు. ఆ పని కథ చేయవలసినదే.

నాడు గుంజలకు కట్టిన పటము ముందు ఊరంతయు కూర్చుండెను. నేడు ఒక్కొక్కరు ఒక్కొక్క తెర ముందు కూర్చుండుచున్నారు. బట్ట పోయి గాజు వచ్చినది. కర్ర పోయి వ్రేలు వచ్చినది. మాఱనిది ఒక్కటే. తన ఊరిని, తన పనిని, తన మాటను సిగ్గుపడక, ఉన్నది ఉన్నట్లు చూపినవాని కథను లోకము నిలిచి వినును.

ప్రశ్నలు

1. పటముకథ అక్షరములు రానివారికిని అర్థమగుటకు కారణమేమి?
2. లంబాడిపల్లివారి విజయమునకు ఈ పాఠములో చెప్పిన రెండు రహస్యములను వివరింపుము.
3. “బొమ్మ బదులు చెప్పలేదు, చేసిన చేయి అచట లేదు.” సందర్భమును తెలుపుము.
4. మీ ఊరిలోని ఒక చేతిపనిని గూర్చి అయిదు బొమ్మలలో కథ చెప్పవలసివచ్చినచో, ఏ బొమ్మలను, ఏ వరుసలో చూపుదువు?