పంపుసెట్టు బెల్టు : బిగింపులోని మర్మము

నల్లమల అంచుననున్న ఆత్మకూరు ప్రాంతమున నీటి విలువ ఎరుగని రైతు లేడు. చేరువనే వెలుగోడు జలాశయము కలదు. అయినను కాలువ నీరెక్కని మెరక పొలములకు బావియు పంపుసెట్టుయే దిక్కు. నేడు పెక్కు బోర్లలో మోటారు పంపుతో కలిసియే నీట మునిగియుండును. అట్టివానికి బెల్టుతో పనిలేదు. కాని ఆయిలు ఇంజనుతోగాని, విడిగా బిగించిన మోటారుతోగాని నడుచు పంపునకు బెల్టే ప్రాణము. కర్నూలు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న దినములలో, 20వ శతాబ్దపు తొలి సంవత్సరములందు, ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అను ఇంజనీరు ఆయిలు ఇంజన్లతో నీరు తోడు పద్ధతిని ఆ రాష్ట్రమున ప్రచారము చేసెను. నాటినుండి నేటివరకు బెల్టు సూత్రము ఒక్కటియే.

శక్తి ఎట్లు అందును?

తిరుగుచున్న బెల్టులో ఒక పాయ బిగువుగాను, మరియొక పాయ వదులుగాను ఉండును. ఈ రెండు బిగువుల నడుమనున్న తేడాయే పంపును త్రిప్పును. 5 అశ్వశక్తుల మోటారు నిమిషమునకు 1,440 చుట్లు తిరుగుచున్నదనియు, దాని పుల్లీ వ్యాసము 15 సెంటీమీటర్లనియు అనుకొందము. అప్పుడు బెల్టు సెకండునకు సుమారు 11 మీటర్లు పరుగిడును. రెండు పాయల తేడా సుమారు 33 కిలోల లాగుడగును. పుల్లీ వ్యాసము సగమైనచో ఈ లాగుడు రెట్టింపు కావలెను. చిన్న పుల్లీపై బెల్టు తరచుగా జారుటకు ఇది యొక కారణము.

వదులైనను నష్టమే, బిగువైనను నష్టమే

బెల్టు వదులైనచో జారి, వేడెక్కి, కీచుమని కూయును. పంపు వేగము నూటికి పది తగ్గినచో, 100 అడుగుల ఎత్తునకు నీరెక్కించునది సుమారు 81 అడుగులకే ఎక్కించగలదు. నూనె మండుచునే యుండును. మడికి మాత్రము నీరు చాలదు. మితిమీరి బిగించినచో బేరింగులు అరిగి, బెల్టులోని దారములు తెగును.

నీరు చాలలేదని మోటారునకు పెద్ద పుల్లీ వేయుటయు ప్రమాదమే. వేగము నూటికి పది పెరిగినచో పంపు కోరు శక్తి సుమారు నూటికి 33 పెరుగును. మోటారు చుట్టు కాలిపోవచ్చును.

సరిచూచు విధము

1. ముందుగా ఇంజను ఆపవలెను. మోటారైనచో మెయిన్ స్విచ్చి తీసి, ఫ్యూజులు ఊడదీయవలెను.

2. రెండు పుల్లీల అంచులకు దారము పట్టి, అవి ఒకే వరుసలో ఉన్నవో లేవో చూడవలెను. వంకర యున్నచో ఎంత బిగించినను బెల్టు ఒకవైపు అరిగిపోవును.

3. మోటారు మరలు వదులుచేసి, దానిని జరిపి బెల్టు తొడుగవలెను. గడ్డపారతో ఎత్తి తొడిగినచో లోపలి దారములు తెగును.

4. వి-బెల్టు నడిమిభాగమును తయారీదారు పట్టికలో తెలిపిన బరువుతో నొక్కవలెను. పుల్లీల నడుమ ప్రతి 10 సెంటీమీటర్లకు సుమారు 1.6 మిల్లీమీటర్లు క్రుంగవలెను. 64 సెంటీమీటర్లున్నచో ఒక సెంటీమీటరు.

5. క్రొత్త బెల్టు సాగును. ఒకనాడు నడిచిన పిదప మరల బిగించవలెను. జతగానున్న బెల్టులలో ఒకటి చెడినను అన్నియు మార్చవలెను.

6. బల్లపరుపు బెల్టునకు వదులు పాయ పైనుండునట్లు అమర్చినచో, అది పుల్లీని ఎక్కువగా చుట్టుకొని జారుట తగ్గును.

ప్రాణరక్షణ

తిరుగు బెల్టు పంచె కొంగును, చీర చెరగును క్షణములో లాగుకొనును. అందుకే 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము కర్మాగారములలోని ఇట్టి యంత్రభాగములకు కంచె యుండవలెనని శాసించెను. పొలములో తనిఖీకి వచ్చు అధికారి ఉండడు. కావున రైతే ఆ బాధ్యత వహించవలెను. బెల్టునకు ఇనుప జాలీ ముసుగు అమర్చి, పిల్లలను దూరముగా ఉంచవలెను. నడుచుచున్న బెల్టుపై చేయి వేయరాదు.

ఒక దారము, ఒక కొలబద్ద, పావుగంట కాలము - ఇంతయే కావలసినది. పంట కాలము మొదలుకాక మునుపే ఈ పరీక్ష జరుపుడని రైతు సోదరులను కోరుచున్నాము. పైరు వాడినపుడు బెల్టు తెగుటకంటె, ముందుగా సరిచూచుకొనుట మేలు కదా!