పల్లెటూరివాడు ‘విలన్’ అయిన కథ

తెర మీద రాజనాల కనబడగానే నేల టిక్కెట్టు మొదలు బాల్కనీ దాకా ‘అడుగో విలన్’ అనుకున్న రోజులున్నాయి. తర్వాత రావు గోపాలరావు వచ్చారు. ‘ముత్యాలముగ్గు’ (1975)లో ఆయన వేసిన కాంట్రాక్టరు వేషాన్ని తెలుగువాళ్లు మరచిపోలేదు. ఇంగ్లీషు అక్షరం ముక్క రాని అవ్వను అడిగినా విలన్ అంటే ఎవరో ఠక్కున చెబుతుంది. దుర్మార్గుడు, పరుల చెడు కోరేవాడు. అంతే కదా?

ఇప్పటికి అంతే. కాని పుట్టినప్పుడు ఈ మాటలో దుర్మార్గం లేశమైనా లేదు. విలన్ అంటే పొలం పని చేసుకు బ్రతికే మనిషి. అటువంటివాడు దుష్టుడికి మారుపేరు ఎలా అయ్యాడు? అది భాషాశాస్త్రానికి మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. మంచిచెడ్డలు నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉన్నదన్న ప్రశ్న కూడా.

విల్లా నుంచి విలన్ వరకు

లాటిన్‌లో ‘విల్లా’ అంటే పల్లెపట్టున కట్టుకున్న భవంతి, దాని చుట్టూ ఉన్న కమతం. ఆ కమతంలో పని చేసేవాడు ‘విల్లానుస్’. ఇంగ్లీషులోని ‘విల్లేజి’ కూడా ఆ విల్లా సంతానమే. అంటే విల్లేజీ, విలనూ ఒకే చెట్టు కొమ్మలన్నమాట!

1066లో నార్మన్లు ఇంగ్లండును జయించారు. వారితో ఫ్రెంచి మాటలు దిగుమతి అయ్యాయి. 1086లో మొదటి విలియం రాజు దేశమంతటా భూములు, పశువులు, మనుషుల లెక్క రాయించాడు. అదే ‘డూమ్స్‌డే బుక్’. అందులో నమోదైన జనంలో రమారమి ఐదింట రెండు వంతులు ‘విల్లానీ’లే. మన అడంగల్‌లో రాసుకునే వివరం లాంటిదే అది. తిట్టు ఎంతమాత్రం కాదు.

ఆ తర్వాత 12, 13 శతాబ్దాలలో చట్టం వారి మెడకు ఉచ్చు బిగించింది. విలన్ వారానికి కొన్ని రోజులు దొర పొలంలో ఊరికే పని చెయ్యాలి. మన ‘వెట్టి’ అన్న మాట ఇక్కడ గుర్తుకు రాక మానదు. కూతురికి పెళ్లి చేస్తే దొరకు రుసుము కట్టాలి. ఇంటి పెద్ద చనిపోతే ఉన్న పశువుల్లో మేలైనదాన్ని దొర తోలుకుపోతాడు. అనుమతి లేనిదే ఊరు దాటకూడదు. దొర అన్యాయం చేశాడని రాజుగారి కోర్టుకు వెళ్లే హక్కు కూడా లేదు.

ఇక కథలు, కావ్యాలు ఎవరు రాశారు? దొరల కొలువుల్లో ఉన్నవారు. ఎవరి కోసం? దొరల కోసం. ‘కోర్టు’ అంటే రాజసభ. అక్కడి నడవడిక ‘కర్టెసీ’, అంటే మర్యాద అయింది. ఆ మర్యాద తెలియనివాడు విలన్. తొలుత మోటువాడు అన్నారు. పిమ్మట నీచుడు అన్నారు. చివరకు ఏ పాపానికైనా తెగించేవాడు అన్నారు. ఈ మెట్లన్నీ దిగటానికి ఎంతో కాలం పట్టలేదు. మనిషి చేసిన పనిని బట్టి కాక, అతని స్థితిని బట్టి గుణం నిర్ణయమైపోయింది.

ఆ మనిషి ఊరుకున్నాడా?

ఊరుకోలేదు. 1348-49లో వచ్చిన మహామారికి ఇంగ్లండులో మూడో వంతు నుంచి సగం వరకు జనం పోయారని చరిత్రకారుల అంచనా. కూలీలు కరువై కూలి పెరిగింది. వెంటనే 1351లో కూలి పెరగకుండా చట్టం చేశారు. పన్నులు మీదపడ్డాయి. 1381లో కెంట్, ఎసెక్స్ రైతులు వాట్ టైలర్ నాయకత్వాన లండనుకు నడిచారు. విలన్ అనే బానిసస్థితి రద్దు కావాలన్నది వారి ముఖ్యమైన కోరిక. జూన్ 14న పద్నాలుగేళ్ల రాజు రెండో రిచర్డ్ సరేనని పత్రాలు రాసిచ్చాడు. మర్నాడే వాట్ టైలర్‌ను చంపారు. కొద్దిరోజులకే ఆ పత్రాలు చెల్లవన్నారు. ఇంతకూ మాట తప్పినవారు ఎవరు? విలన్ అన్న పేరు మిగిలింది ఎవరికి? పాఠకులే ఆలోచించాలి.

వెట్టి క్రమంగా తనంతట తాను కనుమరుగైంది. తిట్టు మాత్రం నిలిచింది. షేక్స్‌పియర్ ‘యాజ్ యు లైక్ ఇట్’ చదివినవారికి మొదటి రంగం జ్ఞాపకం ఉండే ఉంటుంది. అన్న ఆలివర్ తమ్ముణ్ణి విలన్ అని తిడితే, ఆర్లాండో ఆ మాటను పుట్టుకకు అన్వయించుకుని తండ్రి పేరు చెప్పి ఎదురు తిరుగుతాడు. 1600 ప్రాంతానికి కూడా రెండు అర్థాలూ పక్కపక్కనే బతికి ఉన్నాయనటానికి అదే సాక్ష్యం. పోను పోను స్పెల్లింగు కూడా విడిపోయింది. చరిత్ర పుస్తకాల్లోని రైతుకు ఒక స్పెల్లింగు, దుర్మార్గుడికి ఒకటి.

తోటి మాటలు

ఇది ఒక్క మాటకు పట్టిన గతి కాదు. ‘నేవ్’ అంటే మొదట కుర్రవాడు. తర్వాత నౌకరు. ఆ తర్వాత మోసగాడు. ‘చర్ల్’ ఒకప్పుడు సామాన్యుడు, తర్వాత మొరటువాడు. ‘బూర్’ కూడా రైతే. మరో వైపు చూడండి. ‘జెంటిల్’ అంటే మంచి వంశంలో పుట్టినవాడు, సౌమ్యుడయ్యాడు. ‘జెనరస్’ అంటే కులీనుడు, ఉదారుడయ్యాడు. ‘నోబుల్’ సంగతి చెప్పనే అక్కర్లేదు. సి. ఎస్. లూయిస్ ‘స్టడీస్ ఇన్ వర్డ్స్’ (1960)లో ఈ ధోరణిని చర్చించాడు. హోదాను చెప్పే మాటలు గుణాన్ని చెప్పే మాటలుగా మారిపోతాయని ఆయన చూపించాడు.

మనమేం తక్కువ తినలేదు

నగరంలో ఉండేవాడు ‘నాగరికుడు’. గ్రామానికి చెందినది ‘గ్రామ్యం’, అలంకారశాస్త్రంలో అదొక దోషం! పల్లె జనం నోట పలికే తెలుగును గ్రామ్యమని ఈసడించిన రోజుల్లో గిడుగు రామమూర్తి పంతులుగారు దాని పక్షాన నిలబడి వాదించారు కాబట్టే ఈ వ్యాసం ఇలా రాయగలుగుతున్నాను. అయినా ‘పల్లెటూరి బైతు’ అనే మాట మన హాస్టళ్లలో వినబడటం మానిందా?

ఒక విశేషం చెప్పుకోవాలి. మన నాటకశాస్త్రం దుష్టపాత్రను ‘ప్రతినాయకుడు’ అన్నది. నాయకుడికి ఎదురు నిలిచేవాడు అని మాత్రమే దాని అర్థం. అందులో వృత్తి ప్రసక్తి లేదు. మన సినిమా ఆ మాటను వదిలి విలన్‌ను తెచ్చుకుంది. అయితే ‘రోజులు మారాయి’ (1955) లాంటి చిత్రాల్లో రైతు నాయకుడయ్యాడు, జమీందారు విలన్ అయ్యాడు. ఏ దొరల కోసం ఆ తిట్టు పుట్టిందో, అది తిరిగి తిరిగి ఆ దొర నెత్తి మీదికే వచ్చి వాలింది!

అందుకని విలన్ అనే మాట వాడవద్దనటం లేదు. మాట పుట్టుకను బట్టి నేటి అర్థాన్ని కాదనలేం. నేను చెప్పదలచింది ఒక్కటే. ఒకణ్ణి ‘మోటు’, ‘సంస్కారం లేనివాడు’ అనబోయే ముందు మనల్ని మనం అడగాలి: అతడు చేసిన తప్పేమిటి? తప్పు ఇదీ అని చూపించగలిగితే అది తీర్పు. అతని యాస, కట్టు, ఊరు తప్ప మరేమీ చూపించలేకపోతే అది తీర్పు కాదు, పాత దొరల తిట్టు.

ఊరి బస్సు దిగి, ట్రంకుపెట్టె పట్టుకుని, నోరు విప్పితే నవ్వుతారేమోనని జంకుతూ ఫస్టియర్ క్లాసులో చివరి బెంచీలో కూర్చునే కుర్రవాడు ప్రతి ఏడూ వస్తూనే ఉంటాడు. విలన్ అనే మాటకు అసలు యజమాని అతని తాత లాంటివాడేనని గుర్తుంచుకుంటే, ఈ కథ చెప్పుకున్నందుకు ఫలితం దక్కినట్టే.