తోకకి ప్రొపెల్లరున్న రైలు

ఈసారి సైన్సు వంతు నాది. గాలిని కోసుకుంటూ పోయేట్టు చేసిన తొలినాటి రైళ్ళ గురించి రాస్తున్నాను.

గాలి కంటికి కనపడదు గానీ దాని బలం తక్కువది కాదు. ఈదురుగాలికి ఎదురుగా గొడుగు అడ్డం పెట్టి పరుగెత్తండి, తెలుస్తుంది. వేగం రెండింతలైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది. చేప నీళ్ళల్లో సులువుగా జారిపోయేది దాని ఒంటి ఆకారం వల్లే. పాత ఆవిరి ఇంజన్ల మూతి మొద్దుగా ఉండేది.

జర్మనీలో ఫ్రాంజ్ క్రుకెన్‌బెర్గ్ అనే ఇంజనీరు చేప లాంటి రైలు చేశాడు. దాని పేరు రైలు జెప్పెలిన్. జెప్పెలిన్ అంటే ఆ దేశంలో ఆకాశంలో తిరిగిన పెద్ద గాలి ఓడ. ఈ రైలుకి ఒక్కటే పెట్టె. పొడవు దాదాపు 26 మీటర్లు, బరువు 20 టన్నులే. లోపల విమానం ఇంజను, తోక దగ్గర ప్రొపెల్లరు! ప్రొపెల్లరు గాలిని వెనక్కి నెడితే రైలు ముందుకి పోతుంది. మన న్యూటన్ మూడో సూత్రమే. 1931 జూన్ 21న హాంబుర్గ్, బెర్లిన్ ఊళ్ళ మధ్య అది గంటకి 230 కిలోమీటర్ల వేగం అందుకుంది.

మా రూములో అందరూ ఇదే గొప్ప రైలన్నారు. నేను ఒప్పుకోలేదు. మా అవ్వ అడ్డాకుల మోపు నెత్తిన పెట్టుకుని రైలెక్కుతుంది. ప్లాట్‌ఫారం నిండా జనం, పక్కనే ప్రొపెల్లరు తిరుగుతా ఉంటే ఎట్లా? వెనక ఇంకో పెట్టె తగిలించడానికీ వీల్లేదు. అందుకే అలాంటిది ఒక్కటే తయారైంది.

జనాన్ని రోజూ మోసింది వేరే రైలు. 1933 మేలో మొదలైంది, పేరు ఎగిరే హాంబుర్గర్. (హాంబుర్గర్ అంటే హాంబుర్గ్ ఊరివాడని, తినేది కాదు.) దాని ఆకారాన్ని ముందే గాలి సొరంగంలో పెట్టి పరీక్షించారు. రెండు పెట్టెలు, రెండు డీజిల్ ఇంజన్లు. నాకు బాగా నచ్చింది పెట్టెల మధ్య ఏర్పాటు. రెండు పెట్టెలూ నడుమనున్న ఒకే చక్రాల బండి మీద ఆనుకుంటాయి. దాంతో బరువు తగ్గింది. బెర్లిన్ నుంచి హాంబుర్గ్‌కి 286 కిలోమీటర్లు, 138 నిమిషాల్లో చేరేది. దాంట్లోనూ సీట్లు వందే, అదీ రెండో తరగతివి. మూడో తరగతి లేదు. అవ్వకి అక్కడా చోటు లేనట్టే.

రైలు జెప్పెలిన్‌ని 1939లో విడగొట్టేశారు, ఇప్పుడు ఫొటోలే మిగిలాయి. ఎగిరే హాంబుర్గర్ ముందు భాగం మాత్రం న్యూరెంబర్గ్ రైల్వే మ్యూజియంలో చూడ్డానికి పెట్టారు.