గౌతమి యేటిగట్టు బాట

ఒక ఊరినుండి మరియొక ఊరికి మనుష్యులును సరకులును పోవుటకై నిర్మింపబడినదే బాట యని మనము చిన్నతరగతులలో నేర్చుకొందుము. గోదావరి తూర్పుడెల్టాలో ధవళేశ్వరము మొదలు యానాము వరకు గౌతమీనది వెంట పోవు బాట విషయమున ఈ నిర్వచనము చాలదు. అది మొదట గోడగా పుట్టి, తరువాత బాట యైనది. వరదనీటిని ఆపుటకై మన్ను పోసి యెత్తిన గట్టుమీద ముందు మనుష్యులు నడచిరి. పిమ్మట బండ్లు నడిచెను. ఆ తరువాత కంకరయు, తారును పడి, మోటారు వాహనములు వచ్చెను. ఆ బాట పోవు మార్గమును, అది కలిగిన విధమును, దానిని కాచుకొనవలసిన కారణమును మా విద్యార్థులకు తెలియజేయుటకై యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

బాట పోవు మార్గము

రాజమహేంద్రవరమునకు దిగువను, కొద్దిమైళ్ల దూరమున ధవళేశ్వరమున్నది. అచ్చట గోదావరి రెండు పెద్దశాఖలుగా చీలుచున్నది. తూర్పుశాఖకు గౌతమి యనియు, పడమటిశాఖకు వసిష్ఠ యనియు పేర్లు. ఈ రెంటినడుమ నున్న భూమియే కోనసీమ. నది పోవు దిక్కునకు ముఖము పెట్టి నిలిచినచో మన యెడమచేతి వైపున నుండు గట్టును ఎడమగట్టు అందురు. మన బాట గౌతమి యొక్క ఎడమగట్టున నున్నది. దిగువకు పోవు ప్రయాణికునకు కుడివైపున నీరును లంకలును, ఎడమవైపున వరిచేలును కొబ్బరితోటలును కాలువలును కనబడుచుండును. కొన్నిచోట్ల పెద్దబాట గట్టు దిగి ఊళ్లలోనుండి పోయి మరల గట్టునెక్కును. మొత్తము దూరము సుమారు 40 మైళ్లు.

ధవళేశ్వరము దాటిన పిమ్మట కడియపులంక వచ్చును. పూలతోటలకును, మొక్కల నర్సరీలకును ఆ ప్రాంతము దేశమంతట పేరుపొందినది. నది తెచ్చి పోసిన ఒండ్రుమట్టియే ఆ తోటలకు మూలధనము. తరువాత జొన్నాడయొద్ద 16వ నెంబరు జాతీయరహదారి వంతెనమీదుగా గౌతమిని దాటి రావులపాలెము చేరును. ఆలమూరు, కపిలేశ్వరపురము గడచి కోటిపల్లికి పోవుదుము. ఇచ్చటి రేవునుండి ఆవలియొడ్డున నున్న ముక్తేశ్వరమునకు పంటుమీద దాటుట చాలకాలముగా వాడుక. కాకినాడనుండి కోటిపల్లికి 1928లో రైలుమార్గము వేయబడెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1940లో, ఆ పట్టాలు ఊడదీయబడెను. మరల 2004లో గాని రైలు నడువలేదు. ఆ అరువదినాలుగు సంవత్సరములును కోటిపల్లి ప్రజలకు బాటయు రేవుమాత్రమే దిక్కయ్యెను.

కోటిపల్లికి దిగువను నది వెడల్పగును. చివర ఇంజరమును యానామును కలవు. ఇంజరమున 1708లో ఇంగ్లీషు కంపెనీవారు వర్తకస్థానము నెలకొల్పి నేతబట్టలను సీమకు పంపుచుండిరి. యానాము 18వ శతాబ్దమునుండి 1954వరకు ఫ్రెంచివారి పాలనలో నుండి, నేడు పుదుచ్చేరిలో భాగమై యున్నది. ఇచ్చట గౌతమిమీద ఎదుర్లంకకు వంతెన కలదు. ఈ శతాబ్దారంభమున అది కట్టబడువరకు కోనసీమకు పోవువారు ఇచ్చటను నీటిని నమ్ముకొనవలసినవారే.

గట్టు ఏల కావలసివచ్చెను?

కొన్ని సంవత్సరముల క్రిందట శ్రావణమాసమున మేము కొందరు విద్యార్థులను వెంటబెట్టుకొని కపిలేశ్వరపురమునకు సమీపమున ఈ గట్టుమీద నిలిచియుంటిమి. కుడివైపున ఎఱ్ఱనీరు గట్టు వాలును సగమువరకు కప్పియుండెను. ఎడమవైపున అప్పుడే ఊడ్చిన వరిచేలు పచ్చగా నుండెను. ఒక చిన్నవాడు రెండువైపులను మార్చి మార్చి చూచి, "మేష్టారండీ, ఏరు పైనుందండి, చేను కిందుందండి!" అనెను. బడిలో పటము చూపి గంటసేపు చెప్పినను తెలియని సంగతిని వాడు కన్నులతో గ్రహించెను.

దీనికి కారణము చెప్పుదుము. వరదకాలమున నది ఒడ్డు పొరలినపుడు నీటి వేగము తగ్గును. వేగము తగ్గినంతనే బరువైన ఇసుకయు ఒండ్రును ఒడ్డునకు దగ్గరగా దిగబడును. మెత్తనిమన్ను దూరముపోయి నిలుచును. వేలకొలది యేండ్లు ఇట్లు జరుగగా, ఒడ్డు ఎత్తై, లోపలికి పోనుపోను నేల పల్లమైనది. కొండప్రాంతమున నది లోయలో నుండును. డెల్టాలో నది మిట్టమీద నుండును.

దీనివలన ఒక మేలును ఒక కీడును కలవు. ఎత్తుననుండి కాలువనీరు తనంతట తానే చేలకు పారుట మేలు. గట్టునకు గండిపడినచో, బయటికి వచ్చిన నీరు తిరిగి నదిలోనికి పోలేకుండుట కీడు. అది పల్లమును వెదకికొనుచు, మురుగుకాలువలను నింపి, ఊరివెంట ఊరిని ముంచుచు సముద్రమువైపు సాగును. కావున గట్టున పదియడుగుల గండి, ఆ గట్టును ఎన్నడును చూడని దూరపు గ్రామములవారికిని ఆపద తెచ్చును.

గట్టు చరిత్ర

19వ శతాబ్దపు తొలిభాగమున ఈ సీమ మిక్కిలి దీనస్థితిలో నుండెను. 1832-33లో నందనకరువు వచ్చెను. 1839లో తుపానుతో కూడిన ఉప్పెన కోరంగి తీరమును నాశనముచేసెను. ఒక ఏడు నీరులేక, మరియొక ఏడు నీరెక్కువై జనులు నశించుచుండగా, గోదావరి నీరు ఎవరికిని ఉపయోగపడక సముద్రమున కలియుచుండెను. ఆ కాలమున గట్లు అక్కడక్కడ మాత్రమే యుండెను. ఒకచోట తెగినచో తక్కినవాని వలన ప్రయోజనము లేకుండెను.

ఇంజనీరైన ఆర్థర్ కాటన్ (1803-1899) ఈ సీమను పరీక్షించి, ధవళేశ్వరమున ఆనకట్ట కట్టవలెనని కంపెనీ ప్రభుత్వమునకు వ్రాసెను. 1847లో పని ఆరంభమై 1852లో ముగిసెను. ఆ పనిలో వీణెం వీరన్న యను తెలుగుదేశీయుడు ఆయనకు కుడిభుజమై నిలిచెను. నది నడుమనున్న లంకలను ఆధారము చేసికొని ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా ఆనకట్ట కట్టబడెను. ఆ పాత ఆనకట్టకు బదులుగా 1970లో మొదలుపెట్టి 1982లో ముగించిన క్రొత్త బ్యారేజికి 175 తలుపులు కలవు. దానికి కాటన్ పేరే పెట్టబడినది.

ఆనకట్ట వచ్చిన పిమ్మటనే గట్టునకు విలువ హెచ్చెను. కాలువనీటితో రెండు పంటలు పండు భూమిని వరదకు విడిచిపెట్టుట ఎవరికిని సమ్మతము కాదు గదా! అందుచే తునకలుగా నున్న గట్లు క్రమముగా ఒకదానితోనొకటి కలుపబడి, ఎత్తుచేయబడి, ప్రభుత్వపు సంరక్షణలోనికి వచ్చెను. డెల్టాలో వానకాలమున పుంతలన్నియు మోకాటిలోతు బురద యగుచుండెను. ఊరంతటికిని ఎత్తైన, తడి త్వరగా ఆరు స్థలము గట్టే. కాలువలలో పడవలు నడచుచున్న దినములలోనే, బండ్లవారు ఆ గట్టునెక్కి తమ దారి చేసికొనిరి. బాటకు పుట్టుక ఇట్టిది.

వరదనాడు

వరదను కొలుచుటకు క్యూసెక్కు అను మానము కలదు. సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు, అనగా సుమారు 28 లీటర్లు, పారినచో అది ఒక క్యూసెక్కు. ధవళేశ్వరమున నీటిమట్టము 11.75 అడుగులైనపుడు మొదటి హెచ్చరికయు, 13.75 అడుగులైనపుడు రెండవదియు, 17.75 అడుగులైనపుడు మూడవదియు ఇత్తురు. భద్రాచలముననున్న నీరు ధవళేశ్వరము చేరుటకు సుమారు ఒక దినము పట్టును. ఆ ఒక్క దినమే గట్టుమీదివారికి చిక్కిన వ్యవధి.

1953లో గొప్ప వరద వచ్చెను. 1986 ఆగస్టు 16వ తేదీన భద్రాచలమున నీరు 75.6 అడుగులు ముట్టెను; ధవళేశ్వరమున 35 లక్షల క్యూసెక్కులకు మించిన నీరు సముద్రమునకు పోయెను. అప్పుడు గోదావరి గట్లకు పలుచోట్ల గండ్లుపడెను. 2006లో మరల గండ్లుపడగా, 1986 నాటి వరదను కొలతగా గైకొని గట్లను ఎత్తుచేసి బలపరచు పని సాగెను. 2022 జూలైలో భద్రాచలమున 71.3 అడుగుల నీరు వచ్చినపుడు ఆ పనికి పరీక్ష జరిగెను.

ఇచ్చట మరువరాని సంగతి యొకటి కలదు. గట్టునకు ఒకవైపున నున్నవారికే అది కాపు. రెండవవైపున, నదికిని గట్టునకును నడుమ, లంకలలో వేలకొలది కుటుంబములు నివసించుచున్నవి. కూరగాయలు, అరటి, పశువులు వారి జీవనాధారము. నది విశాలముగా ప్రాకకుండ మనము గట్టు కట్టితిమి. అందుచే గట్లనడుమ నీరు మరింత ఎత్తునకు లేచుచున్నది. మన చేను ఆరియుండుటకు వారి యిల్లు మునుగుట కొంత వెల యని ఒప్పుకొనక తప్పదు. వరదనాడు లంకవారు పిల్లలతోను పశువులతోను ఈ బాటమీదికి ఎక్కివత్తురు. అప్పుడు బాటకు అడ్డముగా గుడిసె వేసిరని విసుగుకొనువారు ఈ లెక్కను తలచుకొనవలెను. ఆ దినములలో బాటమీద మొదటి హక్కు వారిది.

గట్టును కాచుట

గట్టు పైనుండి పొరలి తెగుట అందరికిని తెలిసినదే. లోపలినుండి తెగుట తరచు కనబడకయే మొదలగును. ఎలుకలును ఎండ్రకాయలును చేసిన బొరియలు, చచ్చిన చెట్ల వేళ్లు కుళ్లి విడిచిన సందులు, బండిచక్రముల గాళ్లలో నిలిచిన వాననీరు, ఇంటిపనికని గట్టు అడుగున త్రవ్విన మన్ను — ఇవియే గండికి బీజములు. వాలుమీద గడ్డి పెరుగనిచ్చుట మంచిది. దాని సన్ననివేళ్లు మన్నును పట్టియుంచును.

వరదకాలమున గట్టునకు చేలవైపు అడుగున నీరు ఊరును. ఆ ఊట తేటగా నున్నంతవరకు అంతగా భయములేదు, దానిని కనిపెట్టియుండవలెను. ఊట మురికిగా మారినచో, నీరు గట్టులోని మన్నును మోసికొని వచ్చుచున్నదని అర్థము. అట్టి బుగ్గను మట్టితో మూయబోవుట తప్పు. నీరు మరియొకచోట దారిచేసికొనును. బుగ్గచుట్టును ఇసుకబస్తాలను గుండ్రముగా పేర్చి, లోపల నీటిని కొంత ఎత్తునకు నిలువనీయవలెను. లోపలినీరు పైనుండి అదుముటచే ఊట వేగము తగ్గి, మన్ను కదలుట ఆగును. ఇది లస్కరులును రైతులును ఎఱిగిన విద్య. రాత్రియంతయు దీపములతో గట్టువెంట తిరిగి, ఇట్టి బుగ్గను వేళకు కనిపెట్టిన కాపలావాని పేరు ఏ చరిత్రయందును కనబడదు. గండి పడని చోటును గూర్చి ఎవరు వ్రాయుదురు?

బాటయు గట్టును ఒకదానినొకటి కాచుచున్నవి. బాట యుండుటచేతనే రాళ్లును ఇసుకబస్తాలును వేళకు చేరుచున్నవి. నిత్యము నడచువారి కన్నులు గట్టుమీద పడుచున్నవి. మితిమీరిన బరువుతో పోవు లారీలవలన మాత్రము గట్టు క్రుంగును. కావున దానిమీద నడచు ప్రతివాడును కొంతమట్టుకు దాని కాపరి యని మా యభిప్రాయము.

మా విద్యార్థులలో ననేకులు గట్టునకు ఇటో అటో నివసించువారే. సెలవులలో మీ యిండ్లయందలి పెద్దలను అడిగి, 1986లో నీరు ఎంతవరకు వచ్చినదో గోడమీదనో చెట్టుమీదనో చూపించుకొనుడు. నేలనుండి ఆ గుర్తు ఎన్ని అడుగులో కొలిచి, ఊరిపేరుతోను, గట్టునకు ఏ వైపున నున్నదో ఆ వివరముతోను వ్రాసి తెండు. ఆ గుర్తును చూచినవారు ఏటేట తగ్గిపోవుచున్నారు. మీరు తెచ్చిన కొలతలను వచ్చు సంవత్సరపు సంచికలో ఒక పటముగా ప్రకటింపగోరుచున్నాము.